పాత వంటింటికి కొత్త గట్టు

"అక్కా, చిట్టీ ఎత్తిన. చేతిల నలభై వేలున్నయి. ఇంక ఈ వంటిల్లు మార్చుడే!" అంటూ వచ్చింది మా వెనక వీధి చెల్లెలు. చేతిలో రంగుల కాగితం. హైదరాబాద్‌లో వాళ్ల ఆడపడుచు ఇంట్లో ఉన్నట్టు మెరిసే తలుపుల అల్మారాలు, జారే సొరుగులు... వాటికే ముప్పై అయిదు వేలట. మిగిలిన అయిదు వేలతో గోడలకి రంగులట!

బాగానే ఉంటుంది, కాదనను. కానీ నేను ముందు కుట్టుమిషన్ సొరుగులోంచి టేపు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. వంటగట్టు ఎత్తు 28 అంగుళాలు. చెల్లెలి ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. పొద్దున్నించి రాత్రి దాకా వంగి తరిగి, వంగి కడిగి, వంగి వండే మనిషికి నడుము నొప్పి రాక ఏమవుతుంది చెప్పండి? రెండేళ్లుగా నడుముకి మందులు మింగుతోంది. డాక్టర్ల మీద అనుమానపడింది గానీ, గట్టు మీద అనుమానమే రాలేదు!

ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. మన మహబూబాబాద్ వైపు గూన పెంకుల ఇళ్లలో వంటర్ర కూర్చుని వండేందుకు కట్టింది. నేల మీద కట్టెల పొయ్యి, ముందు పీట, గోడలో గూళ్లు. ఆ రోజులకి అది సరైన వంటిల్లే. తరువాత గ్యాసొచ్చింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం మొదలయ్యాక పల్లెటూళ్లలో సంఘం ఆడవాళ్లకీ సిలిండర్లు అందాయి. పొయ్యి మారింది, గది మాత్రం మారలేదు. ఉన్న అరుగు మీదో, ఇటుకలు పేర్చి వేసిన బండ మీదో స్టవ్ పెట్టేసుకున్నాం. కూర్చుని వండే గదిలో నిలబడి వండుతున్నామన్నమాట.

అందుకే డబ్బు తక్కువున్నప్పుడు మొదటి రూపాయి గట్టుకే అంటాను. కొలత తేలికే. చెప్పుల్లేకుండా నిటారుగా నిలబడి మోచెయ్యి మడవండి. నేల నుంచి మోచేతి దాకా కొలిచి, అందులోంచి నాలుగైదు అంగుళాలు తీసేయండి. చెల్లెలికి 33 వచ్చింది. మేస్త్రీకి చెప్పేటప్పుడు పై బండ మందంతో కలిపి చెప్పాలి సుమా, లేకపోతే మళ్లీ తేడా వస్తుంది. "అందరికీ ముప్పైయే పెడతం అమ్మా" అన్నాడు మేస్త్రీ. "వండేది నువ్వా తమ్మీ?" అన్నాను. నవ్వి ముప్పై మూడే పెట్టాడు.

ఇక పై బండ. షాబాద్ బండ చవక గదా, అదే వేద్దామంది వాళ్లత్త. షాబాద్ ఇప్పుడు కర్ణాటకలో ఉంది గానీ, 1956 దాకా మనమూ వాళ్లూ ఒకే హైదరాబాద్ రాష్ట్రం. మన పాత ఇళ్లలో కాలు పెడితే ఆ బండలే! నేలకి దానంత మంచిది లేదు, పీకించకండి, పాలిష్ పెట్టిస్తే చాలు. కానీ అది సున్నపురాయి. చింతపండు పులుసో, నిమ్మరసమో పడితే పులుపు రాయిని తినేసి తెల్లటి మచ్చ పడుతుంది. కడప నల్లబండా అంతే. వాటిని గట్టు కింద అరలకి వాడుకోండి. పైకి మాత్రం గ్రానైటే. దాని కోసం దూరం పోనక్కర్లేదు, ఖమ్మం, కరీంనగర్ రెండూ గ్రానైటుకి పేరున్నవే. దుకాణంలో పెద్ద పలకలు కోయగా మిగిలిన ముక్కలు అడగండి, ధర బాగా తగ్గుతుంది. అతుకు సింకు దగ్గరా, పొయ్యి కిందా రాకుండా చూసుకుంటే చాలు. టైల్స్ గోడంతా ఎందుకు? గట్టు పైన రెండడుగులు వేయించండి.

పొగచూరిన గోడలకి నేరుగా సున్నం వేయించారో, నెల తిరక్కుండానే పసుపు మరకలు బయటికొస్తాయి. ముందు వేడినీళ్లలో బట్టల సోడా కలిపి, చేతికి తొడుగులేసుకుని గట్టిగా రుద్ది కడిగి, బాగా ఆరనివ్వాలి. ఆ పని చెల్లెలూ నేనూ ఒక ఆదివారం చేశాం. వచ్చిన నల్లనీళ్లు చూసి వాళ్లాయన నోరు తెరిచాడు!

వెలుతురు కోసం పెంకుల మధ్య రెండు అద్దం పెంకులు పెట్టించాం. పగలు లైటు వెయ్యక్కర్లేదు. కిటికీ పెద్దది చేయిద్దామనుకున్నాం గానీ మట్టి గోడ. పైన ఆసరా లేకుండా పగలగొడితే మీద పడుతుందని మేస్త్రీ వద్దన్నాడు. అతని మాటే విన్నాం. పైన పొగసందులో చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించాడు.

సిలిండర్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దమ్మా. అది నిటారుగా నిలబడాలి, స్టవ్ దానికన్నా ఎత్తులో ఉండాలి. వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. అందుకే దాన్ని మూసిన అల్మారాలో పెట్టకూడదు, పెడితే కింద గాలి పోయే సందులుండాలి. రబ్బరు గొట్టం అయిదేళ్లకోసారి మార్చాలి. చెల్లెలి ఇంట్లో గొట్టం మీద తేదీ కూడా చెరిగిపోయింది!

మన కేసముద్రం మార్కెట్‌కి మిరపకాయ వచ్చే రోజుల్లో ఏడాదికి సరిపడా కారం కొట్టించుకుంటాం గదా, ఆపైన మామిడికాయ తొక్కు. ఆ డబ్బాలూ జాడీలూ సజ్జ మీదకి ఎక్కించకండి. బరువైనవన్నీ గట్టు కింద అరల్లోనే.

మొత్తం 36 వేలయింది. ఇంకో సంగతి, పాత అరుగు ఒక మూల రెండడుగులు అట్లాగే ఉంచేశాం. అత్తకి నిలబడి తరగడం రాదు. ఆమె అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ కోడలికి కబుర్లు చెబుతోంది. అల్మారాలకి తలుపులు ఇంకా రాలేదు. పాత నూలు చీర కత్తిరించి పరదాలు కుట్టింది చెల్లెలు. పొయ్యి కింద అరకి మాత్రం పరదా వద్దన్నాను, నిప్పు గదా. మిగిలిన నాలుగు వేలు పోస్టాఫీసులో వేసింది. తలుపుల సంగతి వచ్చే చిట్టీకి చూద్దామంటోంది.