కాటాకెక్కిన అత్తమ్మ గుండిగ

మెదక్‌లో మా గల్లీకి పాతసామాన్ల బండి వస్తే చాలు, అటకల మీది గిన్నెలన్నీ కిందికి దిగుతాయి. పోయిన దసరా ముందు మా ఇంట్లోనూ అంతే. అత్తమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న గుండిగ, రెండు కంచు గిన్నెలు ఒకే కాటాలో, ఇత్తడి రేటుకే వేసేశాను. బదులుగా స్టీలు డబ్బాల సెట్టు వచ్చింది.

"నన్నొక్క మాట అడగకపోతివి బిడ్డా" అంది అత్తమ్మ. ఇంకేమీ అనలేదు.

బంగారం అమ్మాలంటే ఇల్లంతా కూర్చుని మాట్లాడుకుంటాం. గిన్నెలూ ఆడదాని పుట్టింటి సొమ్మేనని ఎందుకో తోచదు!

ఇత్తడి అంటే రాగి, జింకు. కంచులో రాగితో కలిసేది తగరం. జింకు కంటే దాని ఖరీదు చాలా ఎక్కువ. గిన్నెను వేళ్ల కొసల మీద నిలిపి కొట్టి చూడండి, మంచి కంచయితే గంటలా చాలాసేపు మోగుతుంది. అయస్కాంతం అంటుకుందా, లోపల ఇనుమే. సుత్తి దెబ్బల గుర్తులు, అంచు కింద చెక్కిన పేరు, పెళ్లి తేదీ ఉన్నవాటిని తూకానికి అసలే ఇవ్వొద్దు. పాతవి సేకరించేవాళ్లు వెతికేది వాటినే. అమ్మేముందు తళతళలాడాలని యాసిడ్ పోసి తోమకండి, వాళ్లకు ఆ ముదురు రంగే ముద్దు. ఇత్తడిలో వండుకుంటారా, కళాయి పూయించాల్సిందే. లేకపోతే పులుసు కిలుమెక్కుతుంది.

అహ్మదాబాద్‌లో వంటపాత్రలకే 1981లో మ్యూజియం పెట్టారు. మనమేమో కాటాకెత్తుతున్నాం.

మొన్న బండాయనను అడిగాను. "అవెప్పుడో కరిగిపోయినయమ్మా" అన్నాడు.

స్టీలు డబ్బాల్లో రెండింటికి అప్పుడే మూతలు పట్టడం లేదు.