స్క్రూ తిప్పితే సరిపోయే బండి కాదిది

బండి పికప్ తగ్గితే కార్బురేటర్ స్క్రూ కాస్త తిప్పి మెకానిక్ సరిచేసేవాడు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్లలో ఆ పని ఇంజక్షన్‌ను నడిపే చిన్న కంప్యూటర్‌కు పోయింది. ఇంజను వేగాన్ని, యాక్సిలరేటర్ తిప్పిన మేరను బట్టి ఎంత పెట్రోలు చిమ్మాలో చెప్పే పట్టిక అందులో ఉంటుంది. దాన్నే మ్యాప్ అంటారు.

మ్యాప్ మారిస్తే పికప్, మైలేజీ రెండూ పెరుగుతాయన్న మాట నమ్మదగినది కాదు. పెట్రోలు ఎక్కువ పోయిస్తే మైలేజీ పడిపోతుంది. మరీ తగ్గిస్తే ఇంజను వేడెక్కుతుంది. గ్యారంటీ పోయే ప్రమాదం వేరే. సైలెన్సరు, ఎయిర్ ఫిల్టరు మార్చని బండికి కంపెనీ మ్యాప్ చాలు.

ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాల్. పెట్రోలుతో పోలిస్తే దాని శక్తి మూడో వంతు తక్కువ. ఆ మేరకు మైలేజీ కొంత తగ్గడం సహజం. ఆక్సిజన్ సెన్సరు ఉన్న బండి మామూలు వేగాల్లో పెట్రోలు పాళ్లను తనంత తానే సర్దుకుంటుంది గానీ, లేని శక్తిని ఏ మ్యాపూ తేలేదు.

మన మట్టిరోడ్లపై ముందు చూడవలసింది దుమ్ము పట్టిన ఫిల్టరు, ప్లగ్గు, చైను, టైర్లలో గాలి. మీటరులో ఇంజను దీపం ఆరకుండా వెలుగుతుంటే మాత్రం స్కానరు ఉన్న చోటికి తీసుకుపోవాలి. అది పల్లె మెకానిక్కులందరి వద్దా ఉండదు. అసలు చిక్కంతా అక్కడే.