గోడలు గీకించే ముందు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో మూడు పక్కపక్క పేటల నుంచి వచ్చినవే. ఒకటి చిక్కడపల్లి, ఒకటి నారాయణగూడ, మరొకటి అశోక్‌నగర్. మూడింటిలోనూ గోడల గొడవే. అందుకని కలిపి జవాబు రాస్తున్నాను.

చిక్కడపల్లి సోదరి ఉత్తరం పెద్దది. త్యాగరాయ గానసభ దగ్గర సందులో మామగారు కట్టించిన ఇల్లట. యాభై ఏళ్లు దాటింది. హాల్లోను, వంటింట్లోను గోడలకు నడుం ఎత్తు వరకు ఆయిల్ పెయింటు, ఆ పైన డిస్టెంపరు. ఇప్పుడంతా పెచ్చులూడుతోంది. అమ్మాయికి ఏడో నెల. రెండేళ్ల పెద్దపిల్లాణ్ణి వెంటబెట్టుకుని పురిటికి వస్తోంది. "అమ్మాయి వచ్చాక పని మొదలుపెడితే రంగులు తనే ఎంచుకుంటుంది. కాని కడుపుతో ఉన్న మనిషికి రంగు వాసన మంచిది కాదంటారు, నిజమేనా?" అని అడిగారు.

వాసన మంచిది కాదన్నది నిజమే. అయితే అమ్మా, అంతకంటే పెద్ద భయం పాత రంగు దుమ్ముతో ఉంది. దాని సంగతి మీకెవరూ చెప్పినట్టు లేదు.

పాత రోజుల్లో ఎనామిల్ రంగుల్లో సీసం కలిపేవారు. రంగు త్వరగా ఆరుతుందని, మెరుపు నిలుస్తుందని. పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగులకు ఆ చాయే చాలామటుకు సీసం వల్ల వచ్చేది. కిటికీ ఊచలకు మొదటి పూతగా వేసే సిందూరం కూడా సీసమే. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది 2016లో. అమలైంది 2017 నవంబరు నుంచి. అంటే అంతకు ముందు వేసిన ఆయిల్ పెయింటు ఏ గోడ మీదున్నా, ఏ తలుపు మీదున్నా సీసం ఉండవచ్చు. చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు కాబట్టి ఉందనే అనుకోవాలి. సున్నం, డిస్టెంపరు వేసిన గోడలతో ఈ భయం తక్కువ. కాని వాటి కింద ఎప్పుడో వేసిన ఆయిల్ పెయింటు పూత ఉందేమో మీ ఇంటి పెద్దవాళ్లనడగండి.

గోడ మీద గట్టిగా అంటుకుని ఉన్నంత కాలం ఆ రంగు ఎవరినీ ఏమీ చేయదు. గరుకు కాగితం పెట్టి పొడిగా రుద్దినప్పుడే ప్రమాదం. సన్నటి దుమ్ము లేచి పరుపుల మీద, పప్పు డబ్బాల మీద, నేల మీద పడుతుంది. రెండేళ్ల పిల్లవాడు నేల మీదే ఆడతాడు, చేతులు నోట్లో పెట్టుకుంటాడు. కడుపులోకి వెళ్లిన సీసాన్ని పసివాళ్ల ఒళ్లు పెద్దవాళ్లకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నగరంలో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి డాక్టరు, పిల్లలకు సీసపు విషం ఎక్కడానికి వరండా కటకటాల రంగే కారణమని 1904లోనే రాశాడు.

సీసం మొదట దెబ్బ తీసేది మెదడును. జ్వరం రాదు, దద్దుర్లు రావు. కొందరికి కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత కనిపిస్తాయి. చాలామందికి అవీ ఉండవు. తర్వాతెప్పుడో బడిలో వెనకబడితే "వీడికి చదువు మీద ధ్యాస లేదు" అని తిట్లు తింటాడు. ఇంత వరకు ఉంటే పరవాలేదు అనే మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఇక గర్భిణి సంగతి. ఒంట్లో చేరిన సీసం ఎముకల్లో దాక్కుంటుంది. గర్భం వచ్చాక బిడ్డ కోసం కాల్షియం కరిగేటప్పుడు దాంతోపాటు బయటికొచ్చి మాయ దాటి బిడ్డకు చేరుతుంది.

కాబట్టి పని అమ్మాయి రాకముందే పూర్తికావాలి. అప్పటికి కాకపోతే పురుడయ్యి, తల్లీబిడ్డా వెళ్లాకే. మధ్యలో "ఒక్క గది చేయించేస్తాం" అంటే నేనొప్పుకోను. పక్కగది తలుపు దుమ్మును ఆపదు.

మేస్త్రీకి ఇలా చెప్పండి. పెచ్చులూడిన చోటనే గీకాలి, గట్టిగా ఉన్న రంగు జోలికి పోవద్దు. నీళ్లు చిలకరించి తడిపి గీకాలి. మిషను పెట్టి పొడిగా రుద్దకూడదు. మంట చూపి పాత రంగు ఊడదీయడం అసలే వద్దు, ఆ పొగ మరీ చెడ్డది. సామాన్లు బయట పెట్టించి నేలంతా ప్లాస్టిక్ పట్టా పరిపించండి. సాయంత్రం చీపురు పట్టకండి; తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, పెచ్చులు సంచిలో కట్టి పారేయించండి, తులసికోట పక్కన పోయించకండి. రంగులు వేసే అబ్బాయిలు ముక్కుకు జేబురుమాలు కట్టుకుంటారు. అది చాలదు, ఎన్-95 మాస్కులు మీరే కొనిచ్చి కట్టుకోమనండి. వాళ్లకూ ఇంటి దగ్గర చంటిపిల్లలుంటారు. సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అన్నం తినాలి, బట్టలు మార్చుకునే ఇంటికెళ్లాలి. బెల్లం ముక్క తింటే దుమ్ము దిగిపోతుందని ఒక నమ్మకముంది. బెల్లం తింటే తిననివ్వండి కాని సీసం దిగదు.

ఇప్పటికే గీకించేసిన ఇళ్లలో పిల్లలుంటే, ముఖ్యంగా పెచ్చులు, మట్టి తినే అలవాటున్న పిల్లలుంటే, పిల్లల డాక్టరుతో చెప్పి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములుగాని అంతకు మించిగాని ఉంటే ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలి. కుక్క కరిస్తే నారాయణగూడ ఐ.పి.ఎం.కు పరుగెత్తాలని మన పేటల్లో పిల్లలకు కూడా తెలుసు. గోడ గీకితే రక్తపరీక్ష అవసరం కావచ్చునని పెద్దలకే తోచదు.

నారాయణగూడ నుంచి రాసిన రిటైర్డు ఉపాధ్యాయుడిది వేరే బాధ. ఏటా లప్పం పెట్టించి రంగు వేయిస్తున్నా వానాకాలానికి గోడ పొంగి నల్లమచ్చలు వస్తున్నాయి, మనవరాలికి పిల్లికూతలు తగ్గడం లేదు. మాస్టారూ, ఆ నల్లమచ్చలు బూజు. చెమ్మ ఉన్నంత కాలం అది వస్తూనే ఉంటుంది, ఆస్తమా ఉన్న పిల్లను పీడిస్తూనే ఉంటుంది. రంగు మార్చడానికి ముందు నీళ్లెక్కడివో చూడండి: స్నానాలగది గొట్టమా, మేడ మీద పగులా, నేలలోంచి ఎగబాకుతోందా? జానెడు ప్లాస్టిక్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి మర్నాడు చూడండి. గోడవైపు చెమట పడితే తడి గోడలోంచే వస్తోందన్నమాట. డంగు సున్నంతో కట్టిన పాత గోడకు సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి పోలేక ఇంకా పైకి ఎక్కుతుంది. అక్కడ మళ్లీ సున్నమే నయం. 2000 ఆగస్టు వరదలో హుస్సేన్‌సాగర్ నాలా నీళ్లు చొచ్చిన ఇళ్ల వాళ్లకు, గోడ ఆరడానికి ఎంత ఓపిక కావాలో నేను చెప్పనక్కర్లేదు.

అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న విద్యార్థి రాశాడు: అద్దెగదిలో బూజు మీదే ఇంటివారు రంగు పూయించారు, దగ్గు పట్టుకుంది. నాయనా, మంచం గోడకు జానెడు ఎడంగా జరుపు. పగలు కిటికీ తెరిచి ఉంచు. మచ్చలు కనపడితే ముక్కుకు మాస్కు కట్టుకుని సబ్బునీళ్ల తడిగుడ్డతో తుడువు. బ్లీచింగు పౌడరులో పాయిఖానా కడిగే యాసిడ్ కలపమని ఎవరైనా చెబితే వినకు, అందులోంచి విషవాయువు వస్తుంది. దగ్గు రెండు వారాలు దాటితే గోడ మీద నెపం పెట్టి ఊరుకోకుండా కళ్లె పరీక్ష చేయించుకో.

సున్నం వేయించే వాళ్లందరికీ ఒక మాట. సున్నం కంట్లో పడితే పాలు, నెయ్యి, ఆముదం ఏవీ పోయకండి. రెప్పలు విప్పి పట్టుకుని కొళాయి నీళ్లతో అరగంట ఆపకుండా కడగండి, మూలల్లో ముద్దలుంటే తడిగుడ్డ కొసతో తీసేయండి. మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికైనా, మరెక్కడికైనా, కడిగాకే ఆటో ఎక్కండి.