పక్షి, పడవ, కెమెరా

విద్యార్థులలో ఛాయాగ్రహణం పట్ల అభిరుచి నానాటికీ పెరుగుతూండడం ముదావహం. అయితే ఏ కళకైనా ఒక నీతి ఉండాలి.

కొల్లేటి తీరాన ఆటపాక పక్షి కేంద్రంలో పడవ ఎక్కి గూడబాతులను చూడవచ్చు. శీతాకాలంలో అవి నీటిలో నిలిపిన ఇనుప స్టాండ్లపైన గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. ఇటువంటి చోట గుంపు ఒక్కసారిగా లేచే దృశ్యం కోసం చప్పట్లు చరిచేవారూ, గూటి దాపునకు పోనిమ్మని పడవవానిని తొందరపెట్టేవారూ ఉంటారు. తల్లి లేచిపోయిన గూటిలో గుడ్లకూ, ఈకలు రాని పిల్లలకూ ఎండ ఒక శత్రువు, కాకి మరొక శత్రువు. ఒక్క చిత్రానికి ఇంత మూల్యమా?

ఓర్పు గలవానికి ఆ అవసరమే రాదు. పడవను దూరాననే నిలిపి, సూర్యుని వీపువైపు ఉంచుకొని, కదలక కూర్చుంటే మేతకు పోయిన పక్షి తానై తిరిగి వస్తుంది. పడవ ఊగుతుంది గనుక షట్టరు వేగాన్ని సెకనులో 1000వ వంతుకు పెంచుకుంటే చాలు. దూరాన్ని టెలిఫొటో లెన్సు చూసుకుంటుంది.

1930వ దశకంలో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసిన సలీం అలీ కాలంలో నమూనాల సేకరణకు తుపాకి తప్పనిసరి. నేడు మన చేత ఉన్నది కెమెరా. గుండు లేదు గనుక అది నిరపాయకరమని భావించడం పొరపాటు.

బెదరగొట్టి తీసిన చిత్రాలను వార్షికోత్సవ ప్రదర్శనకు స్వీకరించరాదని కళాశాల కార్యవర్గం వారికి నా సవినయ మనవి.