బాక్సు రాలేదు!

గుడివాడ నుంచి ఓ పాఠక మిత్రుడు ఉత్తరం రాశారు. "మీ దగ్గర 'బ్యాక్ టు ది ఫ్యూచర్' సినిమాలో కారు ఉందని ఎప్పుడో రాశారు. నిజంగానే రోజూ దాంట్లో తిరుగుతారా, లేక గుడ్డ కప్పి షెడ్డులో పెట్టి పండగలకి బయటికి తీస్తారా? మీ ఊళ్ళో దానికి మెకానిక్ ఉన్నాడా? దారిలో ఆగిపోతే ఏం చేస్తారు?" అని.

మంచి ప్రశ్నలు! చివరిదానికే ఈ వారం పేజీ అంతా పట్టేట్టుంది.

సినిమాలో కారు కాదండోయ్, ఆ జాతి కారు. పేరు డెలోరియన్. ఒళ్ళంతా స్టెయిన్‌లెస్ స్టీలు. తలుపులు పక్కకి తెరుచుకోవు, గద్ద రెక్కల్లా పైకి లేస్తాయి. ఇంజను వెనకాల, డిక్కీ ముందు. ఉత్తర ఐర్లండ్‌లో బెల్‌ఫాస్ట్ పక్కన డన్‌మరీ అనే చోట 1981లో తయారీ మొదలుపెట్టారు. 1982లో కంపెనీ దివాలా. ఈలోపు తయారైనవి ఓ తొమ్మిది వేలు. ఇంకో మూడేళ్ళకి, 1985లో సినిమా వచ్చి లోకమంతా దాన్ని చూసి వెర్రెత్తిపోయింది. అప్పటికి అమ్మడానికి షోరూమే లేదు! హీరో చచ్చిపోయాక పిక్చర్ సిల్వర్ జూబిలీ ఆడినట్టు!

సినిమాలో ఆ కారు గంటకి 88 మైళ్ళ వేగం అందుకుంటే కాలంలోకి దూకుతుంది గదా. అమెరికాలో అమ్మిన డెలోరియన్ల స్పీడోమీటర్లో అంకెలు 85 దగ్గరే ఆగిపోతాయి. ఆ కాలంలో ఇక్కడి ప్రభుత్వ నిబంధన అది. షూటింగులో పైకెత్తిన తలుపులు నిలబడకుండా వాలిపోతుంటే హెయిర్ డ్రయ్యర్లతో వేడి చేసేవారని కూడా చెప్పుకుంటారు. నాకు నమ్మకమే. నెబ్రాస్కా చలికి నా కారు తలుపులూ అలాగే వాలతాయి. డ్రయ్యరు మా ఆవిడది.

నేనుండేది కార్నీ అనే ఊరు. చుట్టూ మొక్కజొన్న చేలు. 1999లో పద్దెనిమిది వేల డాలర్లు పోసి ఈ కారు కొన్నా. "ఈ డబ్బుతో గుంటూరులో స్థలం వచ్చేది" అని మా మామగారు ఇప్పటికీ అంటారు, నిజమే! కొన్నాక మార్చి నించి నవంబరు దాకా రోజూ ఉద్యోగానికి దాంట్లోనే వెళ్ళా. చలికాలం మాత్రం తీయను. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పైన స్టీలుకేం కాదు గాని కిందుండే చాసిస్ మామూలు ఇనుమే, పైపూత ఎక్కడ లేస్తే అక్కడ తుప్పు. పైన మెరుపు, కింద బరువు మోసేవాడికి తుప్పు! మన ఇండస్ట్రీలో ఇలాంటివి చాలా చూశాం లెండి.

మెకానిక్ సంగతికొస్తే, మా ఊళ్ళో లేడు. నా ఒక్కడికే కాదు, 1982 తర్వాత ఆ కారుకి ఏ ఊళ్ళోనూ అసలైన డీలరంటూ లేడు. ఫ్యాక్టరీలో మిగిలిన విడిభాగాల సరుకంతా చేతులు మారి మారి 1997లో టెక్సాస్ చేరింది. హ్యూస్టన్ దగ్గర హంబుల్ అనే ఊళ్ళో ఉంది. మా ఊరికి వెయ్యి మైళ్ళకి కాస్త తక్కువ. ఫోను చేస్తే నాలుగు రోజుల్లో పోస్టులో వస్తాయి. ఇంకో అదృష్టం, ఇంజను ఆ కంపెనీ సొంతం కాదు. పెజో, రెనో, వోల్వో ముగ్గురూ కలిసి చేసుకున్న 2849 సి.సి. ఆరు సిలిండర్ల ఇంజను. అందుకని ఇంజను వస్తువులు కొన్ని పాత వోల్వోలవి సరిపోతాయి. తలుపుకి సంబంధించింది పాడైతే మాత్రం టెక్సాస్ వైపు తిరిగి దణ్ణం పెట్టడమే.

కాబట్టి మెకానిక్‌ని నేనే. పుస్తకం ముందు పెట్టుకుని, చేతులు కాల్చుకుని నేర్చుకున్నా. ఇన్నేళ్ళలో దారి మధ్యలో నన్ను దింపేసింది నాలుగే నాలుగు సార్లు. అందులో మూడింటికి కారణం కారు కాదు, నేను. ఆ మూడింట్లో ఒకటి చెబుతా.

2003 జులై, ఆదివారం. ఓ పెద్ద హీరో పిక్చర్. పేరు చెప్పను, చెబితే ఆ అభిమానులు నన్ను ఇప్పటికీ క్షమించరు. అప్పట్లో అమెరికాలో తెలుగు సినిమా అంటే ఇప్పటిలా ఊరూరా ఆడేది కాదు. ఊరికో పెద్దమనిషి పూనుకుని, థియేటరు అద్దెకి తీసుకుని, ప్రింటు తెప్పించి ఒక్క ఆట వేసేవారు. ఒమాహాలో ఆ పని చేసేది ఓ డాక్టరుగారు, కృష్ణాజిల్లా మనిషి. ప్రింటు శనివారం రాత్రి డెన్వర్‌లో ఆడుతుంది, ఆదివారం రాత్రి ఏడింటికి ఒమాహాలో పడాలి. డెన్వర్ కుర్రాళ్ళు మా ఊరిదాకా తెచ్చిస్తారు. అక్కణ్ణించి 180 మైళ్ళు నేను మోసుకెళ్ళాలి.

"ఏమండీ, కామ్రీ తీసుకెళ్ళండి" అంది మా ఆవిడ.

వినలేదు. సినిమా బాక్సు సినిమా కార్లో దిగితే ఆ దర్జాయే వేరు గదా! మూడొందల మంది తెలుగువాళ్ళు చూస్తుండగా తలుపు పైకి లేచి, లోపల్నించి బాక్సు... ఆ సీను నేను మనసులో అప్పటికే మూడుసార్లు షూట్ చేసేశా.

ఇక్కడ ఓ ముక్క చెప్పాలి. ఈ కార్లో పెట్రోలు ఇంజనుకి మంచి ప్రెషర్‌తో వెళుతుంది. ఇంజను ఆపేశాక కూడా ఆ ప్రెషర్ పడిపోకుండా పట్టి ఉంచే చిన్న డబ్బా లాంటిది ఒకటుంది, యాక్యుములేటర్ అంటారు. అది ముసలిదైతే చల్లగా ఉన్నప్పుడు కారు బాగానే స్టార్టవుతుంది. వేడి మీద ఆపి, ఇరవై నిమిషాలాగి తాళం తిప్పితే మాత్రం అవదు. వెనకాల ఇంజను వేడికి గొట్టాల్లో పెట్రోలు ఆవిరైపోయి ఉంటుంది. నా కారుకి ఆ జబ్బు మొదలైందని నాకు తెలుసు. కొత్తది టెక్సాస్ నుంచి తెప్పించా కూడా. అది డిసెంబరు నించీ గరాజ్ అటక మీద అట్టపెట్టెలో కూర్చుంది! కారు కింద దూరి పడుకుని బిగించాలి, రెండు గంటల పని. వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూ ఏడు నెలలు గడిపేశా.

రెండింటికి బయల్దేరా. పదహారు రీళ్ళ బొమ్మ, రెండు పెట్టెలు, ముప్పై కిలోల దాకా ఉంటాయి. పక్క సీట్లో పెట్టి బెల్టు కట్టా. యార్క్ అనే ఊరి దగ్గర పెట్రోలు బంకులో ఆగా. ఊళ్ళోనే పట్టించి రావలసింది, అదో తప్పు. పోనీ పట్టించుకుని వచ్చెయ్యచ్చుగా? ఆ కారు ఆగితే చాలు జనం మూగుతారు. ఫోటోలు, ప్రశ్నలు. "ఏ సంవత్సరానికి వెళ్తున్నావ్?" అని ప్రతివాడూ అదే జోకు. నేనూ కాఫీ తాగుతూ తలుపులెత్తి చూపిస్తూ హీరోనైపోయా. ఎండ చూస్తే నూరు డిగ్రీలు.

తాళం తిప్పా. అవలేదు. మళ్ళీ సెల్ఫ్ కొట్టా. మళ్ళీ... ఆ కంగారులో కొట్టీ కొట్టీ బ్యాటరీ కూడా నీరసపడిపోయింది. మూగినవాళ్ళు మెల్లగా జారుకున్నారు.

అప్పుడొచ్చాడు ఓ ముసలి రైతు, పాత పికప్ బండి వేసుకుని. ఆ సినిమా చూశాడో లేదో గాని కారు వంక అదోలా చూశాడు. ఒక్కసారి సెల్ఫ్ కొట్టమన్నాడు, విన్నాడు, "ఆవిరి పట్టింది దీనికి" అన్నాడు. మా నాన్న ట్రాక్టరుకీ ఇంతే అన్నాడు. తన బ్యాటరీకి తీగలు తగిలిస్తానన్నాడు. "నీ బ్యాటరీ ఎక్కడ?"

చెప్పడానికి సిగ్గేసింది. నా బ్యాటరీ పక్క సీటు వెనకాల, మూత కింద ఉంటుంది. అంటే ముందు సినిమా దించాలి!

ఆ ఎండలో పెట్టెలు తారు నేల మీద పెడితే ఫిల్మ్ ఏమవుతుందోనని గుండె దడ. బంకు అమ్మాయిని బతిమాలి, లోపల ఐసు అమ్మే ఫ్రీజరు పక్కన పెట్టించా. అక్కడే రెండు సంచుల ఐసు కొని, కార్లో ఉన్న తువ్వాలులో చుట్టి, ఇంజను మీద పెట్రోలు గొట్టాల మీద పరిచా. ఇంక కూర్చోవడమే. మన హీరోగారు ఫ్రీజరు పక్కన చల్లగా ఉన్నారు, నేను ఎండలో!

డాక్టరుగారికి ఫోను చేశా.

"ఎక్కడున్నావయ్యా?"

"యార్క్‌లో సార్."

"దేంట్లో వస్తున్నావ్?"

చెప్పా. అటు వైపు చాలాసేపు మాట లేదు. "జనానికి ఏమని చెప్పను?" అన్నారు చివరికి.

చిన్నప్పుడు మా ఊరి టూరింగ్ టాకీసు దగ్గర విన్న మాట గుర్తొచ్చింది. బెజవాడ గాంధీనగరంలో డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు నుంచి బాక్సు బస్సు టాపు మీద రావాలి. బస్సు రాకపోతే గేటు దగ్గర మనిషి వచ్చి "బాక్సు రాలేదు!" అని అరిచేవాడు. బండ్లు కట్టుకొచ్చినవాళ్ళు తిట్టుకుంటూ వెనక్కి పోయేవాళ్ళు. ఆ బాక్సు ఎక్కడ చిక్కుకుందో అప్పుడు నాకు తెలిసేది కాదు. ఇప్పుడు నా కళ్ళ ముందే ఉంది.

గంటంపావు తర్వాత, పికప్‌కి తీగలు తగిలించి కొడితే నాలుగోసారికి అందుకుంది. రైతు చెయ్యి పట్టుకుని ఊపేశా. డబ్బివ్వబోతే తీసుకోలేదు. "ఒమాహాదాకా ఇంజను ఆపకు" అన్నాడు.

ఆపలేదు. ఏడుంబావుకి థియేటరు ముందు ఆగా. తలుపు పైకి లేచింది, బాక్సులు దిగాయి. నేననుకున్న సీను అచ్చం అలాగే జరిగింది గాని చప్పట్లు కొట్టినవాడు లేడు. అసలు ప్రింటు అయిదింటికే చేరాలి. అన్ని రీళ్ళూ అతికి ఒకే చక్రంగా చుట్టుకుంటే గాని అక్కడి ఆపరేటరు ఆట వెయ్యలేడు, దానికే గంట పైన. బొమ్మ పడేసరికి ఎనిమిదిన్నర దాటింది.

ఈలోపు కొందరు వెళ్ళిపోయారు. కార్ల దగ్గర ఓ పెద్దావిడ ఎదురైంది. కొడుకు దగ్గరికి ఇండియా నుంచి వచ్చిందట. సూ సిటీ నుంచి వచ్చారు, తొంభై మైళ్ళ పైనే. అబ్బాయికి తెల్లవారుజామున డ్యూటీ, భుజం మీద మనవడు నిద్రపోతున్నాడు.

"బాక్సొచ్చిందా బాబూ?" అంది.

"వచ్చిందమ్మా."

"ఇప్పుడా?" అని, వెళ్ళి కారెక్కింది.

పదకొండుకి హాలు ఖాళీ చేయాలి. అందుకని ఇంటర్వెల్ ఎగరగొట్టారు. మీకు తెలీదేమో, అప్పట్లో ఇలాంటి ఆటలకి టిక్కెట్ల డబ్బు ప్రింటుకే సరి, థియేటరు అద్దె సమోసాల మీద రావాలి. ఇంటర్వెల్ లేదు, సమోసా లేదు! ట్రేలు అలాగే మిగిలిపోయాయి. ఆ డబ్బు నేనిస్తానన్నా. డాక్టరుగారు పుచ్చుకోలేదు, ఒక్క మాట కూడా అనలేదు. రెండు ట్రేలు తెచ్చి, బాక్సులు తెచ్చిన సీట్లోనే పెట్టి బెల్టు కట్టారు. అంతకంటే రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

అర్ధరాత్రి చల్లగాలికి కారు మొదటి దెబ్బకే స్టార్టయింది. కార్నీ దాకా ఎక్కడా పేచీ పెట్టలేదు. మర్నాడు సాయంత్రం అట్టపెట్టె అటక దిగింది. కారు కింద దూరా. రెండు గంటలే పట్టింది.

గుడివాడ మిత్రుడికి జవాబు ఇది. రోజూ తిరిగానండీ, ఆ తర్వాత మరీ ధైర్యంగా తిరిగా. కాకపోతే అప్పణ్ణించీ డిక్కీలో ఓ ఫ్యూయల్ పంపు, రెండు రిలేలు, ఫ్యూజులు, తీగలు, ఓ తువ్వాలు ఎప్పుడూ ఉంటాయి. పెట్రోలు ఊళ్ళోనే పట్టిస్తా. అటక మీద అట్టపెట్టెలేవీ లేవు.

2013లో ఓసారి డాక్టరుగారే ఫోను చేశారు. సినిమా ఇప్పుడు హార్డ్ డిస్కులో వస్తోందట, లింకన్‌లో ఎవరి దగ్గరో ఉంది, పట్టుకొచ్చి పెట్టమన్నారు.

"అరచేతిలో పడుతుందయ్యా ఇప్పుడు" అన్నారు నవ్వుతూ. "అయినా, కామ్రీలో రా."