నారు పోసినవాడు

పంట యింటికి వచ్చు దినమున కళ్లమున నిలిచి ధాన్యరాశిని కొలుచువారు పెక్కుమంది యుందురు. మోకాలిలోతు బురదలో నిలిచి నారు పోసినవాని పేరు ఆనాడు ఎవ్వరికిని జ్ఞప్తికి రాదు. వ్యవసాయమున గల యీ కృతఘ్నత విద్యయందును, క్రీడలయందును గలదు. 1999 మే 26వ తేదీని బార్సిలోనా నగరమున మాంచెస్టర్ యునైటెడ్ జట్టు జర్మనీ దేశపు బాయర్న్ మ్యూనిక్ జట్టును 2–1 గోల్సుతో నోడించి ఐరోపా ఖండమున కెల్ల విజేతయైనది. ఆనాడు తొలినుండియు ఆడిన పదునొకండుగురిలో బెక్హాం, గిగ్స్, బట్, గారీ నెవిల్ అను నలుగురును ఒక్క గురువు చేతిక్రింద పెరిగినవారు. ఆ గురువు పేరు ఎరిక్ హారిసన్. శిష్యుల కీర్తిని గూర్చి లోకము వలసినంత వ్రాసినది. గురువు ఆ పీఠమునకు వచ్చిన దారిని గూర్చి మేము నాలుగు మాటలు వ్రాయదలచినాము.

హారిసన్ 1938లో యార్క్‌షైరు ప్రాంతమందలి యొక చిన్న యూర జన్మించెను. 1957లో హాలిఫాక్సు పట్టణపు జట్టున జేరి, అచట ఏడేండ్లాడెను. పిదప హార్టిల్‌పూల్సు, బారో, సౌత్‌పోర్టు, మరల బారో, ఇవి ఆయన మజిలీలు. మైదానపు నడుమ నిలిచి, ఎదిరివారి కాలినుండి బంతిని లాగి తనవారికందించుట ఆయన పని. గోలు చేసినవానికి దక్కు చప్పట్లు ఆ పనికి దక్కవు. 1958 మొదలుకొని ఇంగ్లండు లీగులోని 92 జట్లును నాలుగు శ్రేణులుగా నాడుచుండెను. హారిసన్ సుమారు 500 లీగు పందెములాడెను గాని, అవి యన్నియు క్రింది శ్రేణులలోనివే. పై రెండు శ్రేణులలో ఒక్క పందెమైనను ఆయనకు ప్రాప్తింపలేదు. దేశపు జట్టునుండి పిలుపు రాలేదు.

క్రింది శ్రేణి యాటగాని బ్రతుకు ఎట్టిదో చదువరులు గ్రహింపవలెను. 1961 వరకు ఇంగ్లండున ఏ యాటగానికిని వారమునకు 20 పౌనులకు మించి జీతమీయరాదను కట్టడి యుండెను. కట్టడి తొలగినంతనే ఫుల్‌హాం జట్టులోని జానీ హేన్సునకు వారమునకు 100 పౌనులు లభించెను. చిన్న పట్టణముల జట్లకు అట్టి శక్తి యెక్కడిది? ఇంతియ గాదు. నాల్గవ శ్రేణిలో అట్టడుగున మిగిలిన నాలుగు జట్లును లీగులో నిలుచుటకై ఏటేట తక్కిన జట్లను ఓట్లడుగుకొనవలసి యుండెను. 1972లో బారో జట్టు ఆ ఓట్లలో నోడి, హెర్‌ఫర్డు జట్టునకు తన చోటు విడిచిపెట్టెను. లీగులో హారిసన్ కడపట ఆడినది ఆ బారో జట్టునందే. కాళ్లలో సత్తువ యుండగానే కాలుమోపుటకు చోటు లేకపోవుట యెట్టిదో ఆయన గ్రంథములు చదివి తెలిసికొనినవాడు కాడు.

ఆట చాలించిన పిదప ఆయన బాలురకు ఆట నేర్పు వృత్తి నవలంబించెను. మొదట ఎవర్టన్ జట్టునందు పనిచేసి, 1981లో మాంచెస్టర్ యునైటెడ్‌నకు వచ్చెను. ఇంగ్లండున బాలుర జట్లకు ఎఫ్.ఎ. యూత్ కప్పు అను పోటీ కలదు. 1953 మొదలు 1957 వరకు వరుసగా అయిదేండ్లు దానిని గెలిచిన యా సంస్థ, 1964 తరువాత మరల దానిని కన్నెత్తి చూడలేదు. హారిసన్ బాలురు 1982లో తుదిపందెమున వాట్‌ఫర్డు చేతిలో నోడిరి. 1986లో తమ నగరమందలి ప్రత్యర్థులగు మాంచెస్టర్ సిటీ చేతిలో నోడిరి. ఆ సంవత్సరముననే సంస్థకు క్రొత్త నాయకుడు వచ్చెను. క్రొత్త దొర వచ్చిన పాత గుమాస్తా పోవుట లోకరీతి. కాని అలెక్స్ ఫెర్గూసన్ ఆయనను పంపివేయక, ఆయనకు మరింతమంది బాలురను వెదకి తెచ్చి యిచ్చెను. 1992లో క్రిస్టల్ పాలెస్‌ను రెండు పందెములలో గలిపి 6–3 గోల్సుతో గెలిచి, 28 ఏండ్ల తరువాత ఆ కప్పును ఇంటికి దెచ్చిరి. గురువు వచ్చిన పదునొకండవ యేట పంట చేతికి వచ్చినదన్నమాట. నేడు విత్తి రేపు కోయగోరు నిర్వాహకులు ఈ లెక్కను గమనింతురుగాక.

ఆయన కఠినుడని శిష్యులే చెప్పుదురు. సాల్ఫర్డులోని క్లిఫ్ అను శిక్షణాస్థలమున మేడమీద కిటికీయొద్ద నిలిచి చూచుచు, తప్పు కనబడినంతనే అద్దమును దబదబ బాదెడివాడట. ఆ చప్పుడు వినినంతనే క్రిందనున్న బాలురకు గుండె జారెడిదట. గద్దింపే విద్య యని మేము చెప్పము. గద్దింపునకు తోడు తండ్రివలె కనిపెట్టి చూచు మనసు లేనిచో అది హింసయే యగును. కాని బెదరిన యా బాలురే పెద్దవారై, తమకు రెండవ తండ్రి వంటివాడని ఆయనను గూర్చి చెప్పుకొనిరి. ఆయనయొద్ద తొలినాళ్ల శిష్యుడగు మార్క్ హ్యూస్, వేల్సు దేశపు జట్టునకు నాయకుడైనపుడు, వృద్ధుడగు గురువునే తనకు తోడుగా పిలుచుకొనెను. గురువునకు ఇంతకు మించిన యోగ్యతాపత్రము వేఱొకటి యుండునా?

పెరటిచెట్టు మందునకు పనికిరాదని మనవారందురు. 1995లో ఆ సంస్థ పేరుమోసిన ముగ్గురాటగాండ్రను అమ్మివేసి, పెరటిచెట్లనే నమ్ముకొనెను. తొలి పందెమున ఆస్టన్ విల్లా చేతిలో 3–1 గోల్సుతో నోడినపుడు, పిల్లలతో ఏమియు గెలువలేరని టెలివిజనులో నొక ప్రముఖ విమర్శకుడు తీర్పు చెప్పెను. ఆ యేడాది తిరుగునప్పటికి లీగును, ఎఫ్.ఎ. కప్పును రెండింటిని ఆ జట్టే గెలిచెను.

ఇంతవరకు అందరును ఎఱిగిన కథయే. మేము ముఖ్యముగా తలంచునది వేఱొకటి కలదు. ఆ బాలురందరును శిఖరము చేరలేదు. అదే శిక్షణమందిన రాబీ సావేజిని 1994లో సంస్థ వలదని పంపివేయగా, ఆతడు క్రింది శ్రేణిలోని క్రూ జట్టున జేరి, అచటినుండి తన కాళ్లమీద పైకి వచ్చి వేల్సు దేశమున కాడెను. క్రిస్ కాస్పరునకు 1999లో కాలు విరిగి ఆట ముగిసెను. ఆతడు పిదప బరీ జట్టునకు నాయకుడై పనిచేసెను. పదునారేండ్ల బాలురను వందలుగా చేర్చుకొని, పదుగురిని నిలుపుకొని, తక్కినవారిని వీథిలో విడుచు వ్యాపారమందు, శిక్షకుని యసలు పరీక్ష ఆ తక్కినవారి విషయముననే గలదు. మొదటి శ్రేణిలో వెలిగినవాడు క్రింది శ్రేణిని శిక్షగా చూచును. బారోలో, సౌత్‌పోర్టులో ఆడినవానికి అదియు నొక గౌరవమగు జీవనమని తెలియును. బురద మైదానమున, కొలదిమంది చూచుచుండగా, శనివారము శనివారము తప్పక పని చేయుట యెట్లో ఆతడు నేర్పగలడు. ఆ పాఠము గెలిచినవానికిని ఓడినవానికిని సమానముగ నుపయోగించును. ఓడిన ప్రతి యాటగాడును మంచి గురువగునని మా యర్థము గాదు. కీర్తి గడించినవాడే గురుత్వమునకు తగుననుట మాత్రము శుద్ధ పొరపాటు.

దీనికి నిదర్శనము మన హైదరాబాదుననే కలదు. సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు వృత్తిచే బడిపంతులు. ఆటగాడుగా దేశమెల్ల మ్రోగిన పేరు కాదు ఆయనది. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు మార్లు రోవర్సు కప్పును గెలిచెను. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో బంగారు పతకమందుకొనెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచెను. 1963లో ఆయన కన్నుమూసెను. పిదప నేటివరకు ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ బంగారు పతకము మన దేశమునకు మరల రాలేదు. పతకములు పొందిన జట్టును తలచినంతగా, జట్లను తయారుచేయు పంతుళ్లను మనము తలచితిమా?

మన పాఠశాలలలో డ్రిల్లు మాస్టారి స్థాన మెట్టిదో తలిదండ్రు లెఱుగుదురు. లెక్కల పాఠము మిగిలిపోయిన ఆయన గంటయే పోవును. ఊరి పెద్దలు కప్పులను, పతకములను బహూకరించుటకు ముందుకు వచ్చుచున్నారు, సంతోషము. ఆ ధనములో సగము, ఊరి మైదానమున పిల్లలకు ఆట నేర్పు నొక యోగ్యుని జీతమునకు పదేండ్లపాటు వినియోగించిన, కప్పులు వాటంతట నవియే వచ్చును. ఆతడు పేరుమోసినవాడు కానక్కరలేదు. పిల్లవాని పేరు, వాని యింటి స్థితి, వాని కాలిలోని బలహీనత ఎఱిగినవాడైన చాలును.

హారిసన్‌నకు బ్రిటిషు ప్రభుత్వము 2018లో ఎం.బి.ఇ. బిరుదమిచ్చెను. అప్పటి కాయనకు ఎనుబది యేండ్లు నిండవచ్చినవి. మరుసటి యేడు ఫిబ్రవరిలో ఆయన మరణించెను. శిష్యులు లక్షలాది జనుల యెదుట కిరీటములు ధరించి రెండు దశాబ్దములు గడచిన మీదట గురువునకు మర్యాద దక్కినది. మన యూళ్లలోని గురువులనైనను అంతకాలము నిరీక్షింపజేయకుందుము గాక.