ఏ భాషలో అడిగారు?

మన్యం పిల్లలకు చదువు అబ్బదన్న పాత మాటకు ఇప్పుడు అంకెలు తోడయ్యాయి. సర్వే ఫలితాలు రాగానే పట్టికలో అడుగు వరస చూపించి, "గిరిజన పిల్లలు వెనకబడ్డారు" అని తీర్పు చెప్పేస్తున్నారు. అంకె ఉంటేనే సాక్ష్యమట. ఊళ్లో నెలల తరబడి ఉండి గమనించినదీ, తల్లిదండ్రులతో కూర్చుని రాసుకున్నదీ పరిశోధన కిందికే రాదట. ఈ చిన్నచూపు మన విద్యా పరిశోధనలో పాతుకుపోయింది. ఇది తప్పు. అరకు కొండల్లో అయితే పిల్లలకు చేటు కూడా.

అరకులోయ, డుంబ్రిగుడ, పెదబయలు, ముంచింగిపుట్టు మండలాల్లో ఇంటి భాష ఒక్కటి కాదు. కోందులది కువి, కోటియాలది ఆదివాసీ ఒడియా, వాల్మీకులది కుపియా. గదబలకు తమ భాష ఉంది. సర్వే కాగితం మాత్రం తెలుగులో వస్తుంది. 2005లో ప్రథమ్ సంస్థ మొదలుపెట్టిన అసర్ సర్వేలో అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ చూపించి చదివిస్తారు. కొత్త మనిషి గుమ్మంలో నిలబడి, ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలో చదవమంటే బిడ్డ నోరు మెదపకపోవచ్చు. ఆ మౌనం "రాదు" అనే గడిలో పడుతుంది.

ఇందుకు ఎదురు పొరపాటూ ఉంది. తెలుగు లిపిలో రాసినట్టే పలుకుతాం కాబట్టి గుణింతాలు వచ్చిన పిల్ల, ఒక్క ముక్కా అర్థం కాకుండానే పేరా అంతా గడగడా చదివేయగలదు. ఆమె "వచ్చు" గడిలోకి వెళుతుంది. అంటే ఒకే కాగితం ఒక బిడ్డ తెలివినీ, ఇంకో బిడ్డ ఇబ్బందినీ కప్పేస్తోంది. పిల్లల సంఖ్య పెంచినంత మాత్రాన ఈ దోషం పోదు. కొలకర్ర వంకరైతే వెయ్యిసార్లు కొలిచినా వంకర లెక్కే వస్తుంది.

ఇంతకీ లెక్కలోకి వచ్చేదెవరు? ఇంటింటి సర్వేలో ఆ ఇంట్లో ఉంటున్న పిల్లల్నే లెక్కిస్తారు. మన్యంలో ఎంతోమంది ఆశ్రమ పాఠశాలల్లోనే ఉండి చదువుకుంటారు. బడిలో పెట్టే పరీక్షకేమో ఆ రోజు వచ్చినవాళ్లే దొరుకుతారు. అలా బడుల్లో పెట్టే జాతీయ సాధన సర్వే 2021 నవంబరు 12న, పరఖ్ సర్వే 2024 డిసెంబరు 4న జరిగాయి. కొండల్లో అవి కాఫీ పళ్లు కోసే రోజులు. అమ్మానాన్నలతో తోటకెళ్లిన పిల్లవాడికి ఆ పట్టికలో చోటు లేదు.

అడిగే తీరు మారితే జవాబు ఎంత మారుతుందో చూడండి. 1985లో బ్రెజిల్‌లోని రెసీఫీ నగరంలో వీధుల్లో సరుకులమ్మే ఐదుగురు పిల్లల మీద ఒక అధ్యయనం అచ్చయింది. బేరం మధ్యలో అడిగిన లెక్కల్లో 98 శాతం సరిగ్గా చెప్పిన ఆ పిల్లలే, అలాంటి లెక్కల్నే కాగితం మీద ఇస్తే 37 శాతమే చేయగలిగారు. 2025లో కోల్‌కతా, ఢిల్లీ బజారు పిల్లల మీద వచ్చిన పెద్ద అధ్యయనమూ ఇదే చూపింది. బేరం మధ్యలోనే అడిగి గమనించినందువల్లే ఆ తెలివి బయటపడింది. సంతలో అడ్డాకుల కట్టలకు డబ్బు లెక్కచూసే మన పిల్లల్ని అలా గమనించేదెవరు?

ఇలాంటి పరిశోధన మనకు కొత్త కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు సవరలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు వాళ్ల భాష నేర్చుకున్నారు. వాళ్ల నోట విన్న మాటలు, కథలు, పాటలు రాసుకున్నారు. వాచకాలు తయారుచేశారు, బడులు నడిపారు. 1931లో సవర భాషా వ్యాకరణం వెలువరించారు. ఆ కొండల్లో మలేరియా పట్టి, క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన సేకరించినదాన్ని కబుర్లని కొట్టిపారేసే ధైర్యం ఎవరికుంది? 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా సహా 8 భాషల్లో, 240 బడుల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది. బోధనకు పనికొచ్చిన భాష పరీక్షకు పనికిరాదా?

పెద్ద సర్వేలు వద్దని నా వాదన కాదు. బడిలో పేరున్నంత మాత్రాన చదువు వచ్చినట్టు కాదని దేశానికి చాటింది అవే. ఆ మేలు మరవకూడదు. "ఎలాగూ తెలుగు నేర్వాల్సిందేగా" అన్నదీ నిజమే. అయితే తెలుగు ఎంత వచ్చో కొలిచినప్పుడు అలాగే చెప్పాలి. దాన్నే తెలివి కింద, చదువు కింద జమకట్టకూడదు.

చేయాల్సింది కష్టమైన పనేమీ కాదు. ఫారంలో ఇంటి భాషకు ఒక గడి పెట్టండి. అదే ప్రశ్నను బిడ్డ భాషలోనూ నోటితో అడగండి, ఆ భాష తెలిసిన ఊరివాళ్లకే ఆ పని అప్పగించండి. కాఫీ కోతల రోజులు తప్పించండి, ఆశ్రమ పాఠశాలల పిల్లల్ని కలుపుకోండి. కొన్ని ఊళ్లలోనైనా ఏడాదిపాటు ఉండి చూసే పరిశోధకులకు నిధులివ్వండి. చివరికి ఆ లెక్కల్ని గ్రామసభలో, అక్కడి భాషలో చదివి వినిపించండి. ఆదివాసీ ప్రాంతాల కోసం వచ్చిన 1996 పెసా చట్టం గ్రామసభకు పెద్దరికం ఇచ్చింది. తమ పిల్లల గురించి ఏం రాశారో వినే హక్కు ఆ తల్లులకు ఉంది, "తప్పు రాశారు" అనే హక్కు కూడా ఉంది.

అంతవరకూ, ఇంటి భాష గడి లేని పట్టికను చూపించి ఈ పిల్లలకు చదువు రాదని ఎవరు రాసినా నేను ఒప్పుకోను.